తొమ్మిదో గడి

ట్రిబ్యునల్ స్టాఫ్ క్వార్టర్స్,
జనవరి 11

బుల్లీ,

క్షేమమా అని అడగను. అడిగితే క్షేమమనే రాస్తావు. మూడు పేజీల ఉత్తరం రాసి అసలు సంగతి చివరి నాలుగు లైన్లలో దాచడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మీ పింగాణీ ఫ్యాక్టరీ మేనేజరు నలభైమందిని తీసేస్తానంటున్నాడనీ, ఆ జాబితాలో మీ ఆయన పేరు కూడా ఉందనీ మొదటి లైనులో రాస్తే నీ సొమ్మేం పోయింది?

నా సంగతి కొత్తగా చెప్పేదేముంది? జనవరి వచ్చిందంటే మా ఆఫీసులో మనుషులు కనబడరు, పట్టికలే కనబడతాయి. ఏడాది మొత్తం ఏం వెలగబెట్టామో వార్షిక నివేదిక రాయాలి. పరాయి సరుకు మరీ చవగ్గా వచ్చిపడి మేం మునిగిపోతున్నామని పోయినేడు ఇరవై ఏడు ఫిర్యాదులు వచ్చాయి. దెబ్బ నిజంగా తగిలిందని పదహారింట్లో తేల్చాం, ఆ సరుకు మీద సుంకం పడింది. తొమ్మిది కొట్టేశాం. రెండు వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. ఇదంతా అరపేజీలో ఇమిడ్చే పని నాది. 'తీవ్రంగా నష్టపోయారు' అని రాస్తే ఛైర్మన్ గారు 'తీవ్రంగా' కొట్టేస్తారు. ఆయనకి అంకె కనబడాలి, మాట కనబడకూడదు.

మిగతా ఏడాదంతా నా పని నీకు తెలిసిందే. ఫ్యాక్టరీలకి ఫారాలు పంపడం, నింపి వచ్చినవి గడి గడీ చూడడం. ఖాళీ గడి కనబడితే నా ప్రాణం ఊరుకోదు. ఇదెందుకు నింపలేదని నోటీసు పంపిస్తాను, ఏడు రోజుల్లో జవాబివ్వాలి. ఆఫీసులో నన్ను వెనకాల 'ఖాళీల అక్కయ్య' అంటారట. అననీ.

ఇక మీ విషయం. నలభైమందిని తీసెయ్యడం దేనికి? సగం పనే ఉందంటున్నావు కదా, ఆ సగాన్నే రెండు వందల పన్నెండుమందీ పంచుకోండి. సగంమంది వారంలో మొదటి మూడు రోజులు, మిగతావాళ్ళు చివరి మూడు రోజులు. ఇల్లు గడవడం కష్టమే, కానీ ఎవరింటి పొయ్యీ ఆరిపోదు. ఈ మాట మీ యూనియన్ పెద్దాయనతో చెప్పి చూడు. నువ్వు చెబితే వింటాడు, నీకు నోరుంది.

మీ అక్క

&nbsp;

ఫ్యాక్టరీ లైన్లు, మూడో వరస,
ఫిబ్రవరి 20

అక్కా,

నీ ఉత్తరంలో ఆ ముక్క గేటు మీటింగులో చదివి వినిపించాను. ముందున్న తిట్లు చదవలేదులే. పెద్దాయన కాసేపు గడ్డం గోక్కుంటూ కూర్చుని, "ఎవరమ్మా రాసింది?" అన్నాడు. "మా అక్క" అన్నాను. "మీ అక్కకి బుర్ర ఉంది" అన్నాడు. అంటే నాకు లేదనేగా! చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. మేనేజరు కూడా బతుకు జీవుడా అనుకున్నట్టున్నాడు, వెంటనే ఒప్పేసుకున్నాడు. రెండు వందల పన్నెండుమందిలో ఒక్కరూ పోలేదు. నలభైమందీ నీకు దణ్ణం పెడుతున్నారు, అందుకో.

అయితే చిన్న పీటముడి పడింది. మా వైద్యం కార్డు నెలకి ఇరవై రోజుల హాజరుంటేనే చెల్లుతుంది. వారానికి మూడు రోజులంటే పదమూడుకి మించదు. మీ మరిదికి ఆ కార్డు లేకపోతే ఎలా? పదిహేనేళ్ళు కప్పులకి మెరుపు పూసే గదిలో పీల్చిన తెల్లపొడి అంతా ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉంది. ఆయనతో కలిపి అలాంటివాళ్ళు అరవైమంది ఉన్నారు. హాజరు పుస్తకం ఎలాగూ నా దగ్గరే ఉంటుంది. మొత్తం అందరికీ ఆరు రోజులూ టిక్కు పెట్టేస్తున్నాను. జీతం మాత్రం సగమే. మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు. తప్పేనంటావా? ఆయన దగ్గు వింటే నువ్వూ పెడతావు టిక్కు.

నేను కప్పులు తట్టేదీ మూడు రోజులే ఇప్పుడు. మొన్న సెలవని పాప నాతో వచ్చింది. ఒక్కో కప్పూ ఎత్తి చెక్కపుల్లతో అంచు మీద తట్టడం చూసి, "అమ్మా, అన్నీ ఒకేలా ఉన్నాయి కదా, పగిలింది నీకెలా తెలుస్తుంది?" అంది. "చూస్తే తెలీదే, తట్టి అడగాలి. మంచిదైతే ఖంగుమంటుంది, లోపల పగులుంటే డబ్బుమంటుంది" అన్నాను. ఇంటికొచ్చాక వాళ్ళ నాన్న వీపు మీద చెంచాతో తట్టి, "నాన్న డబ్బుమంటున్నాడమ్మా" అంది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. నవ్వుతుంటే ఆయనకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

అన్నట్టు, మా మేనేజరు మీ ట్రిబ్యునల్‌కే ఫిర్యాదు రాస్తున్నాడు. బజారు నిండా పరాయి కప్పులే, మా మట్టి ఖరీదుకి వాళ్ళ కప్పు వచ్చేస్తోంది. నువ్వుండగా మాకేం భయం?

బుల్లి

&nbsp;

ట్రిబ్యునల్ స్టాఫ్ క్వార్టర్స్,
మార్చి 14

బుల్లీ,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి.

'నువ్వుండగా మాకేం భయం' అని ఇంకెప్పుడూ రాయకు. సరదాకి కూడా రాయకు. ఫిర్యాదు చేసిన చోట మా వాళ్ళెవరైనా పనిచేస్తుంటే వారంలోగా కాగితం మీద చెప్పి ఆ ఫైలు వదిలెయ్యాలి. అది మా రూలు. అదృష్టం కొద్దీ మీ ఫిర్యాదు వేరే సెక్షన్‌కి వెళ్ళింది. ఏ బల్ల మీద ఉందో కూడా నాకు తెలీదు. తెలిసినా చెప్పను.

హాజరు పుస్తకం సంగతి ఎవరికీ రాయకు. నాకు కూడా. నువ్వు రాయలేదు, నేను చదవలేదు.

మీ ఆయనకి పొద్దున్నే వేడినీళ్ళ ఆవిరి పట్టించు. మా పై అంతస్తు ఆయన అలాగే తేరుకున్నాడు. పాపకి రెండు గౌన్లు పంపుతున్నాను, కొంచెం వదులుగా ఉంటాయి, ఎదిగే పిల్ల కదా.

మీ అక్క

&nbsp;

ఫ్యాక్టరీ లైన్లు,
జూలై 30

అక్కా,

నీ ఉత్తరం చింపేశాను. గౌన్ల మీద ఉన్న చీటీ కూడా చింపేశాను, నీ రూళ్ళకి దాంతో కూడా ఏదైనా ఇబ్బందేమోనని. నాలుగు నెలలుగా నువ్వు రాసేవన్నీ వాతావరణం ఉత్తరాలే. ఎండలు, వానలు, ఉక్కపోత. ఇంత వాతావరణం రేడియోలో కూడా చెప్పరు.

మీ వాళ్ళ ఫారం వచ్చింది. అమ్మో, ఏం ఫారమక్కా అది! మూడున్నరేళ్ళ కింద నుంచి ఈ జూన్ నెలాఖరు దాకా ప్రతి కప్పుకీ లెక్క అడిగారు. మేనేజరు గుడ్లప్పగించి చూసి, పనివాళ్ళ పేజీ నాకిచ్చాడు, దస్తూరీ బాగుంటుందని. పైన అంటించిన ఉత్తరం ఎంత పద్ధతిగా ఉందో. ఎవరు రాశారో గానీ చెయ్యి తిరిగినావిడే.

పద్దెనిమిది పేజీలూ పూర్తిచేసి నిన్న పంపించాం. రాయగలిగినంత వరకూ రాశాం. జవాబు కోసం ఇక కళ్ళలో వత్తులు వేసుకుని చూడడమే. ఊళ్ళో మిగతా రెండు పింగాణీ ఫ్యాక్టరీలూ పోయినేడే మూతపడ్డాయి కాబట్టి సుంకం పడితే మాకొక్కళ్ళకే మేలు. పడకపోతే బట్టీ ఆర్పేస్తానని మేనేజరు తేల్చి చెప్పేశాడు.

ఆవిరి పట్టిస్తున్నాను. కాస్త నయమే అంటాడు. నయమైతే అలా గోడ పట్టుకుని నడుస్తాడా?

బుల్లి

&nbsp;

ట్రిబ్యునల్ స్టాఫ్ క్వార్టర్స్,
ఆగస్టు 25

బుల్లీ,

మళ్ళీ వాతావరణం అనుకోకు గానీ, ఇక్కడ ఉక్కపోత నిజంగానే భరించలేకుండా ఉంది. ఫ్యాను పెడితే కాగితాలు ఎగురుతాయి, ఆపితే మనుషులు ఎగిరిపోయేలా ఉన్నారు. నా పక్క బల్ల కుర్రగుమస్తాని అందరూ జోరీగ అంటారు. ఫారంలో చుక్క తక్కువైనా నోటీసు కొడతాడు. నా దగ్గర నేర్చుకున్న విద్యే. నిన్న నాతో, "ఏంటి మేడమ్, ఈ నెల మీ లెక్కలో నోటీసు ఒకటి తగ్గిందే?" అన్నాడు. కళ్ళజోడు మార్చాలిరా అన్నాను.

ఇన్నేళ్ళ సర్వీసులో నాకొకటి అర్థమైంది. అన్నీ అడగకూడదు. కొన్ని అడిగితే అవతలివాళ్ళు అబద్ధం చెప్పాలి, లేదా నిజం చెప్పి చెడాలి. ఎవరినీ అలాంటి ఇరకాటంలో పెట్టకూడదు. ఎందుకో రాయాలనిపించింది, రాశాను. దీని గురించి నన్నేమీ అడక్కు.

మీ ఆయన్ని పెద్దాసుపత్రిలో చూపించు. కార్డు ఉన్నప్పుడే చూపించు.

మీ అక్క

&nbsp;

ఫ్యాక్టరీ లైన్లు,
అక్టోబరు 19

అక్కా,

విచారణకి మేనేజరు, పెద్దాయన, నేను వచ్చాం. హాజరు పుస్తకాలు మోసుకురావాలని నన్ను తీసుకొచ్చారు, వాటిని ఎవరూ తెరవమనలేదులే. రెండో అంతస్తు నడవాలో నువ్వు ఎదురుపడ్డావు. పచ్చ అట్ట ఫైళ్ళు గుండెలకి హత్తుకుని వస్తున్నావు. నన్ను చూసి పక్క గదిలోకి దూరావు. అది చీపుర్లూ బకెట్లూ పెట్టే గది అని తర్వాత తెలిసింది. నేను పలకరించలేదుగా, చూశావా, నీ రూళ్ళు నాకూ వచ్చేశాయి.

లోపల జరిగింది నీకు తెలుసో తెలీదో, నేనే చెబుతాను. సరుకు తక్కువ తీసింది నిజమే గానీ, అది వీళ్ళు బట్టీ మరమ్మతు చేయించుకోవడం వల్లేనని పరాయి కప్పులు తెప్పించేవాళ్ళ లాయరు తేల్చేశాడు. తర్వాత పెద్దాయన్ని లేపి, "అయ్యా, ఈ మూడున్నరేళ్ళలో ఎంతమందిని తీసేశారు?" అని అడిగాడు. పెద్దాయన ఛాతీ విరుచుకుని, "ఒక్కరినీ తియ్యలేదు బాబూ! మా దగ్గర అలాంటివి జరగవు" అన్నాడు. ఎంత గర్వంగా అన్నాడనుకున్నావు! "సంతోషం. అయితే మీకు తగిలిన దెబ్బెక్కడో కాస్త చూపిస్తారా?" అన్నాడు లాయరు.

హాల్లో నవ్వారు. అప్పుడర్థమైంది పెద్దాయనకి. "మేం సగం రోజులే బాబూ, వారానికి మూడు..." అని మొదలుపెట్టాడు. లాయరు లేచాడు. "ఫారంలో రాయని సంగతి ఇక్కడ చెప్పడానికి వీల్లేదు, కూర్చోండి" అన్నారు ఛైర్మన్ గారు. మర్యాదగానే అన్నారు. పెద్దాయన అలాగే నిలబడిపోతే నేను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

తిరిగొచ్చేటప్పుడు పెద్దాయన బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. దిగేముందు, "మనం మంచిపనే చేశాం కదమ్మా?" అన్నాడు నాతో. చేశామన్నాను. ఇంకేమంటాను?

బుల్లి

&nbsp;

ట్రిబ్యునల్ స్టాఫ్ క్వార్టర్స్,
డిసెంబరు 22

బుల్లీ,

తీర్పు మీకు ఈపాటికి చేరి ఉంటుంది. 'సిబ్బంది సంఖ్యలో తగ్గుదల లేదు. పనిగంటలు తగ్గినట్టు రికార్డులో సాక్ష్యం లేదు. దెబ్బ రుజువు కాలేదు.' ఈ మూడు వాక్యాలూ టైపు చేసింది నేనే.

నీకు మార్చిలో అబద్ధం రాశాను. మీ ఫైలు వేరే సెక్షన్‌కి వెళ్ళలేదు. మొదటిరోజు నుంచీ నా బల్ల మీదే ఉంది. మా చెల్లెలు అక్కడ పనిచేస్తుందని వారంలోగా రాసివ్వాలి, ఇవ్వలేదు. ఇస్తే ఫైలు జోరీగ చేతికి పోతుంది. వాడి చేతిలో మీరు ఏమైపోతారోనని నా భయం. నేనే కాపలా ఉందామనుకున్నాను.

ఆగస్టు మొదట్లో మీ ఫారం వచ్చింది. అందులో ఎనిమిదో గడి 'పనివాళ్ళ సంఖ్య'. నీ దస్తూరీతో 212 అని ఉంది. తొమ్మిదో గడి 'నిజంగా పనిచేసిన గంటలు'. అది ఖాళీ. ఎందుకు ఖాళీగా ఉందో ఆ భవనం మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. నోటీసు టైపు చేశాను. పంపితే మీకు రెండే దార్లు. హాజరు పుస్తకంలో ఉన్న దొంగ గంటలు రాయాలి, లేదా నిజం రాసి అరవైమంది కార్డులు పోగొట్టుకోవాలి. అందులో మీ ఆయన కార్డు ఒకటి. నా చెల్లెల్ని ఆ ఇరకాటంలో పెట్టడానికి నాకు చేతులు రాలేదు. నోటీసు సొరుగులో పడేశాను. ఒక్క గడి ఖాళీగా ఉంటే కొంపలేం మునుగుతాయిలే, పద్దెనిమిది పేజీల్లో మిగతా గడులన్నీ నిండి ఉన్నాయిగా అనుకున్నాను. ఇరవై రెండేళ్ళలో నేను వదిలేసిన ఖాళీ గడి అదొక్కటే.

నా స్థానంలో ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరున్నా ఆ నోటీసు మీకు వచ్చేది.

పని పంచుకోమన్నదీ నేనే. నలభైమందిని ఆపానని ఏడాదిగా లోపల్లోపల మురిసిపోయాను. నలభైమందిని తీసేసి ఉంటే ఎనిమిదో గడిలో 172 ఉండేది. ఛైర్మన్ గారికి అంకె కనబడేది.

నిన్న ఆయన దగ్గరకి వెళ్ళి అంతా చెప్పేశాను. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆ ఫైలు మూసేశాం. మళ్ళీ తెరిచే దారి లేదు. మీ సంగతి వచ్చే నెల చూద్దాం, ముందు రిపోర్టు పూర్తిచెయ్యండి" అన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఉండాలని కూడా నాకు లేదు.

నన్ను తిట్టు. నీకు నోరుంది కదా. నన్ను రమ్మంటే రేపే బయల్దేరతాను. మీ ఆయనకి మొహం ఎలా చూపించాలో మాత్రం తెలీడం లేదు.

అక్క

&nbsp;

పెద్దాసుపత్రి, మగవాళ్ళ వార్డు,
జనవరి 6

అక్కా,

నీ ఉత్తరం ఇక్కడికి తెచ్చుకుని చదివాను. బట్టీ డిసెంబరు ఇరవై ఎనిమిదిన ఆర్పేశారు. అంత పెద్ద బట్టీ ఒక్కసారిగా చల్లారదు, మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆడా మగా దాని చుట్టూ కూర్చున్నాం. లోపల చివరి వాయి కప్పులు అలాగే ఉండిపోయాయి. తట్టి చూసేవాళ్ళు అక్కర్లేదన్నారు.

మా ఫైలు నీ బల్ల మీదే ఉందని నువ్వు చెప్పకపోయినా నాకు జూలైలోనే తెలుసు. ఫారం మీద అంటించిన ఉత్తరం అడుగున పొట్టి సంతకం ఉంది. ఆ సంతకం నాకు తెలీదా? నాకు లెక్కల్లో సున్నా వచ్చినప్పుడల్లా ప్రోగ్రెస్ రిపోర్టు మీద నాన్న సంతకం పెట్టింది ఆ చెయ్యే. నాన్న సంతకంలో కూడా నీ తోక వచ్చేసేది. నీకు తెలిసినట్టు తెలిస్తే కంగారు పడతావని నేను బయటపడలేదు.

తొమ్మిదో గడి గురించి ఆ రోజే గేటు మీటింగు పెట్టుకున్నాం. రెండు గంటలు కొట్టుకు చచ్చాం. చివరికి ఒక మాట మీదకి వచ్చాం. మనంతట మనం చెప్పొద్దు, భయం. వాళ్ళు అడిగితే మాత్రం అబద్ధం ఆడొద్దు. కార్డులు పోతే పోతాయి, బట్టీ ఉంటుంది, బట్టీ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కార్డులు మళ్ళీ వస్తాయి. మొదట చెయ్యెత్తింది మీ మరిదే. ఎత్తిన చెయ్యి నిలబెట్టలేక రెండో చేత్తో పట్టుకున్నాడు. నిజం గంటలు వేరే కాగితం మీద రాసి, మేనేజరు సంతకం పెట్టించి, నా పెట్టెలో సిద్ధంగా ఉంచాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

మేనేజరు ఆ గడిలో 'వర్తించదు' అని రాసెయ్యమన్నాడు. నేనే వద్దన్నాను. "ఖాళీగా వదిలెయ్యండి సార్. అక్కడ మా అక్క ఉంది. ఖాళీ గడి కనబడితే దాని ప్రాణం ఊరుకోదు" అన్నాను. రెండు వందలమంది ముందు నీ మీద ఒట్టేసినట్టు చెప్పాను.

రోజూ పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడ్డాను. ఒక వారం, రెండు వారాలు. నీ ఉత్తరం వచ్చిన రోజు పరిగెత్తుకుంటూ వెళ్ళి కవరు చింపాను. ఉక్కపోత అని ఉంది.

తిట్టమన్నావు. తిట్టడానికి నాకు ఓపిక లేదు. కోపం మాత్రం ఉంది, లేదని అబద్ధం రాయను. నువ్వు మా మంచికే చేశావని తెలిసినా ఉంది. మీ మరిది, "వదినదేం తప్పు లేదు, మనకోసమే కదా" అంటున్నాడు. మాస్కు తీసి మరీ ఆ మాట అన్నాడు. కార్డు ఈ నెలాఖరు దాకా చెల్లుతుందట. ఆ తర్వాత మంచం ఖాళీ చెయ్యాలని నర్సమ్మ నెమ్మదిగా చెప్పింది.

రిపోర్టు రాస్తూ ఉంటావు. కొట్టేసినవాటి లెక్కలో మేమూ ఉంటాం కదా. మా గురించి 'తీవ్రంగా' లాంటి మాట రాయకు, ఛైర్మన్ గారు కొట్టేస్తారు.

ఇప్పుడే రాకు. నేను రమ్మన్నప్పుడు వద్దువుగాని.

పాప నిన్న వచ్చి మళ్ళీ వాళ్ళ నాన్న వీపు మీద చెంచాతో తట్టింది. ఈసారి ఏమీ అనలేదు, చెంచా నా చేతిలో పెట్టి ఊరుకుంది. నువ్వూ ఒక్కసారి తట్టి ఉండాల్సిందక్కా. అడిగితే చెప్పేవాళ్ళం.

బుల్లి